పొడి పూసేవాడు

నోట్లకు పొడి పూసినవాడు
దాడికి పోకూడదు.
అది మా ఆఫీసు నియమం.
ఇరవై రెండేళ్లుగా నేను పూస్తానే ఉన్నా,
చిత్తూరు నుంచి జీపు
నన్ను వదిలేసి పోతానే ఉంది.

ఇవాళ పెనుమూరు పక్కనుంచి కన్నెమ్మ వచ్చింది.
రెండెకరాల తోతాపురి తోపు,
మరుదులతో పంపకం, హద్దురాళ్లు పాతాల.
సర్వేయరు గొలుసు పట్టాలంటే ఎనిమిది వేలు.
"పల్పు ఫ్యాక్టరీవాళ్లు పోయినేటి దుడ్లే
ఇంకా ఈలేదు సారూ" అంటా
కొంగుముడి విప్పింది.
కమ్మలు కుదవబెట్టి తెచ్చినవి,
పదహారు ఐదునూర్లు.
చెనిక్కాయల వాసన.

నంబర్లు ఒక్కొక్కటీ చదివినాను.
మధ్యవర్తులు రాసుకున్నారు:
పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయన,
వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకామె.
సాక్ష్యానికి పిలిస్తే వచ్చినోళ్లు
తప్పుచేసి దొరికినట్టు కూచున్నారు.
ఆమె పెన్ను రెండుసార్లు కిందపడింది.

తెల్లటి పొడి.
దూదితో అద్ది రెండు వైపులా పూస్తాను,
నీళ్లు పోసినాక పసిబిడ్డకు పూసినట్టు.
పూసినట్టు కనపడకూడదు,
పనితనమంతా అదే.

తర్వాత గాజు గ్లాసులో సోడా నీళ్లు.
"చూడండి, ఏ రంగూ లేదు" అంటారు ఇన్‌స్పెక్టరమ్మ.
"ధనంజయులూ, వేళ్లు ముంచు."
ముంచుతాను.
ఎర్రజామ కోసినట్టు
గ్లాసంతా ఒక్కసారిగా.
"ఆయన ఈ నోట్లు తాకితే
ఆయన వేళ్లూ ఇంతే."

ఏ కేసులోనైనా
మొదట రంగు తేలేది నా వేళ్లే.
ఆ నీళ్లకు లక్క పొయ్యరు, చీటీ అంటించరు,
కిటికీలోంచి పారబోస్తారు.
కింద ఎవరూ నాటని బొప్పాయి ఒకటి
ఆ నీళ్లు తాగే నడుమెత్తు పెరిగింది.

ఇవాళ ఫిర్యాదు పైకి చదివినప్పుడు
సర్వేయరు పేరు విని
దూది ఆగింది.
పదకొండేళ్ల కింద, మురకంబట్టు దాటినాక,
నా రెండున్నర సెంట్లు కొలిచింది ఆయనే.
టీ అంగట్లో, బల్ల కిందనుంచి,
నేనూ ఇచ్చినాను మూడు వేలు.
ఫిర్యాదులు తీసుకునే ఆఫీసులో కూచుని
ఫిర్యాదు రాయలేదు.
వానలు వచ్చేలోపల పునాది లేవాలనుకున్నాను, అంతే.
ఆ నోట్లకు పొడి లేదు.
పొడి లేని నోటు
ఏ నీళ్లలోనూ నోరు విప్పదు.

ఇన్‌స్పెక్టరమ్మకు చెబుదామనుకున్నా.
గొంతుదాకా వచ్చింది.
అప్పటికే దూది మళ్లీ కదిలింది.
నోట్లు నేనే పాసుబుక్కు మధ్యన పెట్టి
కన్నెమ్మ చేతిసంచిలో వేసినాను.
"ఆయన నోరారా అడిగేదాకా ముట్టుకోవద్దమ్మా."
తలూపింది. జీపెక్కబోతా అడిగింది:
"నా నోట్లు నాకెప్పుడొస్తాయి సారూ?"
"అవే రావు. సర్కారు వేరేవి ఇస్తుంది. నిదానంగా."
"కమ్మలమీద వడ్డీ?"
దానికి మా దగ్గర ఫారం లేదు.

మూడున్నరకు ఫోను.
"కుడిచేయి ముదురు, ఎడమచేయి లేత."
మా భాషలో శుభవార్త
అంతకన్నా పొడుగుండదు.
ఆయన బల్లమీద క్యారియరు ఇంకా విప్పలేదంట.
సంగటి, ఊరిబిండి.
అది కూడా రిపోర్టులో రాసినారంట,
ఎందుకో.

సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా.
మూడోసారి కూడా నురగలో
లేతగా ఏదో ఉన్నట్టే ఉంది,
లైటు వేసి చూస్తే లేదు.

ఇంటికి పోతే వాకిటి మూల
ఆయన పాతించిన రాయి.
నా భార్య అప్పుడే సున్నం కొట్టి
బక్కెట్టు పక్కన పెట్టింది. తడి ఆరలేదు.
"చేత్తో అట్లా అద్దు, ఆ పక్క అందలేదు నాకు" అంది.
సున్నం కూడా సోడా నీళ్లకు చుట్టమే,
ఆమెకు తెలీదు.

చేతులు జేబుల్లో పెట్టుకొని
లోపలికి పోయినాను.